ధడా

అల్ ఐన్‌లో జూలై. రాత్రి రెండింటికి కూడా
గోడకు చెయ్యి ఆనిస్తే రొట్టెల పెనంలా ఉంది.
లోపల, మూడు తలుపులు దాటాక,
ఉక్కు డబ్బాలోంచి గాలంతా తోడేసి
గోరంత సిలికాన్ బిళ్ళని కూర్చోబెట్టాం.
కొన్నేళ్ళకి అది ఒక గ్రహం చుట్టూ తిరుగుతూ
సూర్యుడు విసిరే రేణువుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి.
ప్రస్తుతానికి దానికి ఒంట్లు కూడా రావు.

మా నాన్న ముత్తెన్న నిజామాబాద్ పసుపు యార్డులో దడువాయి.
బస్తా ఎక్కించే ముందు రైతుకి ఖాళీ కాంటా చూపేవాడు,
ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి.
గోనెసంచికి ధడా తీసేవాడు.
వానకు తడిసిన సంచికి ఇంకో పావుకిలో.
"సున్న సక్కగ లేకుంటె వంద సుత అబద్ధమే బిడ్డా"
అనేవాడు, పసుపు పట్టిన ముక్కు తుడుచుకుంటూ.
నేను ఫిజిక్స్ చదివింది ఆ తర్వాత.

అమెరీషియం చుక్క మీద మూత తీశాం.
దాని సర్టిఫికెట్ మీద ఒక తేదీ ఉంది.
ఆనాటి నుంచి ఎంత తరిగిందో లెక్కగట్టాకే
దాని మాట నమ్మాలి.
ఆల్ఫాలు వచ్చి తగులుతున్నాయి. తెర మీద
పసుపు రాశి పోసినట్టు గుట్ట లేస్తోంది,
1371వ గడి దగ్గర కొన.
మైనస్ ముప్పైకి చల్లార్చితే 1374.
యాభైకి వేడి చేస్తే 1365.
మోజా పైకి చదివింది, నేను రాసుకున్నాను.
ఇది తప్పుతుంది. ఎంత తప్పుతుందో
ముందే రాసిపెడుతున్నాం.

తర్వాత మూత వేశాం. అసలు పని ఇక్కడ:
ఏమీ చూపించనప్పుడు అది ఏం చూస్తుందో చూడటం.
మొదటి రాత్రి నలభై మూడు.
రెండో రాత్రి నలభై ఒకటి.
పదిహేడు దాటకూడదని నా లెక్క.
కేబుల్ మార్చాం. పంపు ఆపాం.
మోజా అందరి చేతా బూట్లు విప్పించింది.
దుమ్ముగాలిని అనుమానించాం, ఇసుకలోని పొటాషియంని,
చివరికి నా టిఫిన్ డబ్బాలో అరటిపండుని.

మూడో రాత్రి పైకప్పు మీంచి దిగాడు లింబాద్రి,
ఏసీ మెకానిక్, ఆర్మూరు అవతలి మనిషి,
చెమటకి చొక్కా రెండు రంగులై.
"ఏం తూస్తున్నరక్కా లోపట?"
కాగితం చూపించాను.
2:10. 2:10. 2:11. మళ్ళీ 2:50.
టైముల మీద వేలు నడిపాడు.
"ఇది నా చిల్లర్ గదా! నలభై నిమిషాలకోపారి లేస్తది.
లేసేటప్పుడు జర తుమ్ముతది.
ఎర్త్ వైరు ఏడ కట్టిన్రు?"
మా బల్లా, ఆయన కంప్రెసరూ ఒకే కడ్డీకి.
ఒక స్పానరు, అరగంట, విడిగా ఒక రాగి తీగ.

నాలుగో రాత్రి: పదిహేడు.

రిపోర్టులో "గ్రౌండింగ్ సవరించబడింది" అని ఉంది.
ఎవరి చేత అన్నది నేను రాశాను.
ఆ గడి ఫారంలో లేదని తిరిగొచ్చింది.
వాక్యానికి కూడా ధడా తీస్తారు కాబోలు.

"మరి ఆ పదిహేడు?" అన్నాడు లింబాద్రి.
అవి ఆపలేం. ఆకాశం నుంచి వస్తాయి,
కప్పులోంచి, మనలోంచి దూరి పోతాయి.
"నాలోంచి సుత?"
నువ్వు చిల్లర్ దగ్గర వంగి ఉన్నప్పుడు
నీ భుజంలోంచి దిగి, కింద ఆ బిళ్ళకి తగిలి, ఒకటి.
భుజం తడుముకున్నాడు.
"సాలిక్ కట్టకుండనే?"

పదిహేడు ఇప్పుడు పట్టికలో ఉంది, ఆరో పేజీ.
పెట్టె వెళ్ళే చోట అది పనికిరాదు,
అక్కడి ఆకాశానికి వేరే ధడా.
అయినా ఉంచాం,
ఇక్కడ, ఈ కప్పు కింద, ఈ రాత్రి
సున్న ఇంత ఉండేదని.

ఐదింటికి బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాను.
పైన చిల్లర్ తుమ్మింది.
చిరంజీవ, అన్నాను అలవాటుగా.